హోటలు మిద్దె మీద వడియాలు

ఉదయం ఏడుంబావుకు నా భార్య సగ్గుబియ్యం గంజి గిన్నెతో లిఫ్టు ఎక్కింది. తడిపి పిండిన పాత పంచె నా చేతిలో ఉంది.

అప్పుడు మేము బెంగుళూరులో ఆమె తమ్ముడి ఫ్లాటులో ఉంటున్నాం. ఆ భవనంలో కింది అంతస్తులు హోటలు, పైవి ఇళ్లు. ముంబైలో ఉద్యోగం చేసే అతను, అక్క వైద్యం అయ్యేదాకా ఉండమని తాళాలిచ్చాడు. ఇల్లు ఖరీదైనదే. కిటికీలు మాత్రం తెరుచుకోవు. బాల్కనీలోకి ఎండ రాదు.

పెళ్లయినప్పటి నుంచి ఆమె వడియాలు పెట్టని ఎండాకాలం లేదు. ఆ ఏడు మదనపల్లెకు ఎప్పుడు తిరిగి వెళ్తామో డాక్టర్లు చెప్పలేదు. వెళ్తామా అని మేమూ ఒకరినొకరు అడగలేదు. ఆమె ఒక్క మాట అంది.

"ఈ యేడు గూడా పెట్టల్లప్పా. ఇది ఇడిసిపెడితే ఇంగ అన్నీ ఇడిసిపెట్టినట్టే."

అంతకు ముందు రోజు తమ్ముడు ఫోనులో, "మిద్ది మీదికి పోయి కూసోక్కా, మనకు హక్కుండాది" అన్నాడు. అతను చెప్పింది పైన ఉన్న ఈత కొలను గురించి. మా వైపు మిద్దె అంటే ఎండలో ఏదో ఒకటి ఆరబెట్టే చోటు. ఆమెకు అదే అర్థమైంది. ఆ రాత్రే సగ్గుబియ్యం నానబోసింది.

పైన నీలం నీళ్లు, తెల్లటి పడక కుర్చీలు ఉన్నాయి. మనుషులు లేరు. ఆమె రెండు కుర్చీలను దగ్గరికి లాగించి పంచె పరిపించింది. ఒక్కో గరిటె వేసి, కాసేపు కూర్చుని, మళ్లీ వేసేది. నేను వేస్తానంటే గిన్నె ఇవ్వలేదు.

రెండు వరసలయ్యేసరికి సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చి కన్నడంలో ఏదో అడిగాడు.

"కనపల్లేదా నాయనా? వడియాలు" అంది తెలుగులోనే.

అతను నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "యావూరమ్మా మీది?"

"పుంగనూరు. ఇచ్చింది మదనపల్లెకు."

"నాది కుప్పం పక్కన. అమ్మా, ఈడ పెట్టగూడదు. ఇది హోటలోళ్లది."

"మిద్ది వాళ్లదైతే ఎండ గూడా వాళ్లదేనా?"

"ఎండ ఎవురిదో నాకు తెల్దమ్మా. ఉద్యోగం మాత్రం నాది. మేనేజరు సూస్తే పోతాది."

ఆమె వెంటనే గరిటె గిన్నెలో పెట్టేసింది. ఒకరి ఉద్యోగం మీదికి తెచ్చే మనిషి కాదు. కానీ లేవలేదు. పంచె వైపు చూస్తూ కూర్చుంది. అప్పటికి ఆమెకు జుట్టు లేదు, తలకు గుడ్డ కట్టుకుని ఉంది. అతను ఆ గుడ్డను చూసి, నన్ను చూశాడు.

"వెనకాల జనరేటర్ రూం మిద్ది ఉండాది. మేము యూనిఫారాలు ఆరేసుకునేది ఆడే. మెట్లు తక్కవే. రామ్మా."

పంచెకు చెరో వైపు అతనూ నేనూ పట్టుకుని సామాన్ల లిఫ్టులో దిగాం. దారిలో వడియాలు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయాయి. "రొట్టె చేసినారు కదప్పా ఇద్దరూ కలిసి" అంది ఆమె. మిగిలిన గంజి కింద కొత్తగా వేసుకుంది. చివరి గరిటె దాకా తనే వేసింది.

ఆరడానికి మూడెండలు పట్టింది. ఆమె మళ్లీ కిందికి రాలేకపోయింది. మధ్యాహ్నాలు అతనే వాటిని తిరగేసేవాడు. సగం అతనింటికి పంపింది. "మీ అమ్మకు సెప్పు, ఉప్పు రోంత తక్కవని" అంది.

వానలు మొదలయ్యాక ఆమె పోయింది. మిగిలిన సగం నేను మదనపల్లెకు తెచ్చుకుని, పప్పులోకి వేయించుకుని తిన్నాను. దాచుకోవాలని అనిపించలేదు. ఆమె పెట్టింది తినడానికే. ఉప్పు నిజంగానే తక్కువ.

ఇప్పుడు మా ఇంట్లో వడియాలు పెట్టడం లేదు.