జూబ్లీహిల్స్‌లో ఏడు గంటల పాట

గిరి శనివారాలు జూబ్లీహిల్స్‌లోని ఒక పబ్‌లో కీబోర్డు వాయిస్తున్నాడని సునీత ఫోన్‌లో చెప్పిన వారానికే కాకినాడలో రైలెక్కాను. సినిమాల్లో గ్రూప్ డాన్సర్లుగా ఉన్న రోజుల్లో నేనూ సునీతా కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. గిరిది పక్క సందు. మోకాలు దెబ్బతిని నేను ఇంటికి బయలుదేరినప్పుడు, బాగవగానే వస్తానని అతనికి చెప్పాను. బాగవలేదు. పిల్లలకు డాన్సు నేర్పుతూ పదిహేనేళ్లు గడిపేశాను. పెళ్లి చేసుకోలేదు. అతనూ చేసుకోలేదట.

రైల్లో నేను నిద్రపోకపోవడం చూసి కింది బెర్తు పెద్దావిడ, "ఇంటర్వ్యూకా అమ్మా?" అంది. అలాంటిదేనన్నాను.

పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, ఇడ్లీ తిని, మెట్రో ఎక్కాను. మారాల్సిన పని లేకుండా యూసుఫ్‌గూడలో దింపింది. కృష్ణానగర్ సందులు అంతే ఇరుగ్గా ఉన్నాయి. సునీత ఇప్పుడు షూటింగులకు బట్టలు కుడుతోంది. నా చీర తనే ఇస్త్రీ చేసింది.

పని దొరకని సాయంత్రాల్లో గిరీ నేనూ ఫిల్మ్‌నగర్ దాకా నడిచేవాళ్లం. పబ్బుల అద్దాల తలుపులు తెరుచుకున్నప్పుడల్లా పాట ముక్కొకటి రోడ్డు మీదికి వచ్చేది. లోపలెలా ఉంటుందో ఇద్దరం చెరో కథా అల్లుకునేవాళ్లం. ఏదో ఒకరోజు చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్తాననేవాడు.

ఏడింటికి ఒక్కదాన్నే వెళ్లాను. లోపల చీకటి, చలి. ఎవరి ఫొటోలు వాళ్లు తీసుకుంటున్నారు. టాయిలెట్ల దారి పక్కన చిన్న వేదిక మీద గిరి నెరిసిన తల వంచుకుని వాయిస్తున్నాడు. పాట అయిపోయినట్టు కూడా ఎవరూ గమనించలేదు. నేను చప్పట్లు కొట్టాను. తలెత్తి చూశాడు. వేళ్లు కాసేపు కదల్లేదు.

ఎనిమిదింటికి డీజే రాగానే బయట ఫుట్‌పాత్ మీదికి వచ్చాం. ముందు మోకాలి గురించి అడిగాడు. నేను ఇన్నాళ్లూ దాచుకున్న మాట చెప్పేశాను.

"కాకినాడ వచ్చెయ్ గిరీ. పిల్లలకి సంగీతం చెప్పుకుందువు. కలిసుందాం."

పోయే కార్ల వైపు చూస్తూ అన్నాడు:

"నువ్వొస్తవని ఏండ్ల తరబడి తలుపు దిక్కు చూసుకుంటనే వాయించిన. పోయినేడు చూసుడు బంద్ చేసిన. అప్పటిసంది పానం జర నిమ్మలంగుంది. మళ్ల చూడుమనకు."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే బతిమాలలేకపోయాను. నా నంబరు తీసుకుని, ఆటో పిలిచి, చేయి పట్టుకుని ఎక్కించాడు. చేయి మాత్రం వెంటనే వదల్లేదు.

మర్నాడు పగటి రైల్లో తిరుగు ప్రయాణం. పక్క సీటు అమ్మాయి డిగ్రీ చదువుతోందట. నేను వెళ్లొచ్చానని తెలిసి, రాత్రిపూట జూబ్లీహిల్స్ నిజంగా అంత బాగుంటుందా అని అడిగింది. వెళ్లదలచినవాళ్లందరికీ చెప్తున్నట్టు చెప్పాను: నడిచి చూస్తే చాలా బాగుంటుంది, తోడుంటే ఇంకా బాగుంటుంది, లోపలికి వెళ్లకపోయినా పోయేదేం లేదు.

కాకినాడలో దిగేసరికి గిరి మెసేజ్ వచ్చి ఉంది. "చేరినవా?"

ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని, ఇంకా లేదని రాశాను. మరోసారి అడుగుతాడని.