ఉడకబెట్టిన ఉన్ని

రెంటచింతల ఎండలో కూర్చుని ఉన్ని అల్లానంటే మా మనవరాళ్ళు నమ్మరు. నవ్వుతారు. నవ్వనీ.

అవి యుద్ధం రోజులు. మా అన్న పటాలంలో చేరి, ఒకసారి సెలవు మీద వచ్చాడు. గంజి తాగుతూ అమ్మతో అన్నాడు: "ఆడ కొండల్లో చలికి మెడ తిరగదే అమ్మా. తెల్లోళ్ళకి మెడకి చుట్టుకునే ఉన్నిగుడ్డలుండయ్. మాకెవుడిస్తాడు?"

"మెడకి గుడ్డ చుట్టుకునే చలి కూడా ఉంటదంట్రా!" అని అమ్మ నవ్వింది గానీ, వాడు వెళ్ళాక ఆ మాటే పట్టుకుంది.

అంతలో మిషన్ బంగళా దొరసానమ్మ, సిపాయిల కోసం ఉన్ని అల్లడానికి ఆడపిల్లలను రమ్మంది. అమ్మ నన్ను తీసుకెళ్ళి, మా అన్న సంగతి చెప్పుకుంది. "నీవు అల్లినది నీ అన్నకే పంపుదును" అంది దొరసానమ్మ. ఆమె తెలుగంతా బైబిల్లో నుంచి వచ్చిందే.

మొదట సూది మీదికి కుట్లు ఎక్కించడం నేర్పింది. ఒక ముడి వేసి సూదికి తొడగాలి. తర్వాత ఉన్నిని బొటనవేలికి చుట్టి, ఆ ఉచ్చులోకి సూది దూర్చి, వేలు తప్పించి మెల్లగా లాగాలి. అది ఒక కుట్టు. నేను లాగానంటే సూది కదలదు. మోపులు కట్టిన చేతులు మావి. మోపు ముడి వదులైతే అమ్మ వీపు మీద ఒకటిచ్చేది.

"పిల్లా, నీవు గడ్డిమోపు కట్టుట లేదు. వదులుగా వేయుము!"

చివరికి ఆమే రెండు సూదులు కలిపి పట్టించి, రెంటి మీదా కుట్లు ఎక్కించి, ఒక సూది లాగేయమంది. అప్పుడు అంచు వదులుగా, ముద్దుగా వచ్చింది. ఆ వరస నేను వేలితో ఎన్నిసార్లు తడుముకున్నానో.

పొద్దున మిరప కళ్ళంలో తొడిమలు తీసి, మధ్యాహ్నం బంగళా వరండాలో అల్లేదాన్ని. చేతులు కడుక్కునే వెళ్ళేదాన్ని. కానీ మిరప ఘాటు కడిగితే పోతుందా? మాకది ఘాటని కూడా తెలియదు, మా చర్మంలో కలిసిపోయింది.

గుడ్డ పూర్తయిన రోజు దొరసానమ్మ మెత్తదనం చూద్దామని దాన్ని బుగ్గకు ఆనించుకుంది. మరుక్షణం కెవ్వుమంది. కళ్ళ వెంట నీళ్ళు.

"ఇది ఏమి దుర్మార్గము! శుభ్రము చేసి తెమ్ము. రేపు మూట కట్టుదును."

అమ్మ భయపడిపోయింది. "ఏమే, వాడి మెడకి మంట పెడతావంటే!" అని నన్ను తిట్టి, ఎసరు పెట్టి, బట్టలుతికే చౌడుమట్టి వేసి, పాత చీరలు ఉడికించినట్టే దాన్ని తెర్లించింది. కర్రతో బాదింది. కొడుకు మీద ప్రేమంతా ఆ బాదుడులోనే చూపించింది.

తీసి చూస్తే జానెడు గుడ్డ. అట్టలా బిగుసుకుపోయింది. ఎంత సాగదీసినా రాలేదు. మా వీధి గొల్లతాత చూసి, "ఉన్నిని ఉడకేస్తారంటమ్మా ఎవురన్నా? ఒక్క మాట నన్నడగొద్దా!" అన్నాడు. అడిగే బుద్ధి మాకు లేదు, చెప్పే బుద్ధి దొరసానమ్మకు లేదు.

"అమ్మగారూ, ఇంకొంచెం ఉన్ని ఇప్పించండి, మళ్ళీ అల్లిద్ది" అని మర్నాడు అమ్మ బంగళాకెళ్ళి దొరసానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మీకు ఉన్ని ఇచ్చుట నాదే పొరపాటు" అని దొరసానమ్మ మూట కట్టించింది. మాది తప్ప అందరి గుడ్డలూ వెళ్ళాయి.

యుద్ధం అయ్యాక అన్న వచ్చాడు. మనిషి సగమై, ఎడతెగని దగ్గుతో. ఒక పొద్దున గంజికుండ దించబోయి, పొయ్యి పక్కన మేకుకున్న మసిగుడ్డ అందుకున్నాడు.

"ఇదేందే అమ్మా, ఇంత మందం! చెయ్యి అసలు కాలట్లా."

"పాత గొంగళి ముక్కరా" అంది అమ్మ, పొయ్యిలోకి చూస్తూ.

మసి పట్టిన ఆ అంచున నా మొదటి వరస ఇంకా తెలుస్తూనే ఉంది. అన్న కుండ దించి, దగ్గుకుంటూ, గుడ్డను మళ్ళీ మేకుకు తగిలించాడు.