పక్క గది ప్రశ్న

మా కాలేజీలో చరిత్రకూ రాజనీతికీ మధ్య ఒక్క గోడ ఉండేది. దబీర్‌పురాలో ఒక పాత హవేలీని అద్దెకు తీసుకుని మిషన్ వాళ్ళు నడిపిన చిన్న కాలేజీ అది. ముందు గదిలో నేను చరిత్ర చెప్పేవాణ్ణి. ఒకప్పుడు హవేలీ ఆడవాళ్ళు ఉన్న పక్క గదిలో పాలిటిక్స్ సార్ రాజనీతి చెప్పేవాడు. ఆయన బెజవాడ వైపు క్రైస్తవుడు, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను బేగంబజార్‌లో గిన్నెల దుకాణం వాళ్ళ కొడుకుని. బేరం చేతగాక చదువుకున్నానని మా బాపు నలుగురిలో అనేవాడు.

మా ఇద్దరికీ చెరొక సూత్రం ఉండేది. యాభై ఏళ్ళు నిండనిది చరిత్ర కాదని నేను మొదటి రోజే నోట్సు రాయించేవాణ్ణి. రాజ్యాంగం లేని దేశం గురించి రాజనీతిలో చెప్పడానికేమీ ఉండదని ఆయన రాయించేవాడు. అందుకని నా గదిలో ఫ్రాన్సు విప్లవం, ఆయన గదిలో ఇంగ్లండు పార్లమెంటు. మేమున్న ఊరు, మమ్మల్నేలే సర్కారు రెండు నోట్సుల్లోనూ లేవు. దాన్ని పాండిత్యమనుకున్నాం. కడుపులో చల్ల కదలకుండా బతకడానికి మేం పెట్టుకున్న ముద్దుపేరు అది.

బహదూర్‌పురా నుంచి ఒక విద్యార్థి వచ్చేవాడు. బర్లను పెంచుకునే ఇల్లు. తెల్లవారుజామున పాలు పితికి, ఇంటింటికీ పోసి, అటునుంచటే తరగతికి వచ్చేవాడు. అతని తండ్రికి సంతకం రాదు. కొడుకు బి.ఎ. పాసై ఏదో ఒక కచేరీలో కుర్చీ మీద కూర్చుంటే చాలని, అందుకోసం రెండు బర్లనమ్మి ఫీజు కట్టాడు.

ఒకనాడు ఆ విద్యార్థి పాలిటిక్స్ సార్‌ని లేచి అడిగాడట. "లండన్‌ల ఎవలైనా సభ పెట్టుకోవచ్చని చెప్పిండ్రు సార్. మా బస్తీల పుస్తకాలు చదువుకునే సభ పెడ్తమంటే, సర్కారు అనుమతి లేనిది కూడొద్దని హుకుమున్నది, ఇజాజత్ తెమ్మన్నరు. గా హుకుం ఎప్పుడొచ్చింది, ఎందుకొచ్చింది?"

"ఎప్పుడొచ్చిందీ అంటే అది హిస్టరీ కదయ్యా. పక్క గదిలో అడుగు" అన్నాడాయన.

నా గదికి వచ్చి అదే అడిగాడు. "యాభై ఏండ్లు అయినయా? కాలే. ఇప్పుడు నడుస్తున్న హుకుం గనుక అది రాజనీతి. పో, ఆయననే అడుగు" అన్నాను. తరగతంతా నవ్వింది. ఆ వారంలో మూడుసార్లు తిప్పాం అతన్ని. మధ్యాహ్నం చాయ్ తాగుతూ మేమిద్దరం కూడా నవ్వుకున్నాం. ఈ మాట రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది.

నాలుగోసారి అతను ఏ గదికీ రాలేదు. రెండు గదుల ముందున్న వరండాలో నిలబడి తోటివాళ్ళకు తనే చెప్పడం మొదలుపెట్టాడు. పాలు పోసే ఇళ్ళలో వకీళ్ళనీ, పాత ఉద్యోగుల్నీ అడిగి తెలుసుకున్నాడట. ఆ హుకుం ఎప్పుడొచ్చిందో, ఎవరి సభ ఆపడానికొచ్చిందో, ఎవరెవరు జైలుకు పోయారో వరుసగా చెప్పాడు. నేను సుద్దముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాను. నాకంటే బాగా చెప్పాడు. అసూయ కూడా కలిగింది.

మర్నాడు పోలీసు అమీన్ వచ్చి ప్రిన్సిపాల్ దొర గదిలో కూర్చున్నాడు. ఇలాంటి పాఠాలు ఎవరు చెబుతున్నారని అడిగాడు. దొర మమ్మల్నిద్దర్నీ పిలిచి చెరొక కాగితం ముందు పెట్టాడు. ఇది దేవుడి పేరున నడిచే కాలేజీ గనుక అబద్ధం మాత్రం రాయొద్దన్నాడు. మేం అబద్ధం రాయలేదు. "మా తరగతిలో ఈ విషయం ఎన్నడూ బోధించలేదు" అని ఇద్దరం ఒకే వాక్యం రాశాం. అమీన్ చదువుకుని తల ఊపాడు. కాలేజీలో నేర్పలేదంటే బయటివాళ్ళెవరో నేర్పి పంపించారన్నమాట. సాయంత్రానికల్లా రిజిస్టర్‌లో అతని పేరు కొట్టేశారు. ఈ రాజ్యంలో ఇంకే కాలేజీ చేర్చుకోకుండా సర్టిఫికెట్ మీద కారణం కూడా రాశారు.

రెండు రోజులకు అతని తండ్రి గేటు దగ్గర నన్నాపాడు. "మీ కాల్మొక్త సారూ. మీ పాఠం ఇని అర్థంగాక అడిగిండని ఒక్క ముక్క రాయుండ్రి. పోరడు బతుకుతడు."

"నా చేతుల ఏం లేదు పెద్దాయనా" అన్నాను. నా వేళ్ళకు సిరా మరక ఇంకా ఉంది. ఆయన దాన్ని చూడలేదు, నా కాళ్ళ వైపే చూస్తున్నాడు.

కొన్నాళ్ళకు పోలీసు చర్య అయ్యి సర్కారు మారింది. మాకూ ధైర్యం వచ్చింది, జెండా ఎగిరినాక వచ్చే ధైర్యం. మన రాజ్యంలో ప్రజల హక్కుల మీద పాఠం తయారు చెయ్యమని కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ దొర నాకు చెప్పాడు. కూర్చుంటే ఒక్క పేజీ నిండలేదు. ఆ హుకుం ఎప్పుడొచ్చిందో నాకు నిజంగా తెలియదు. పాలిటిక్స్ సార్‌ని అడిగితే ఆయన నోట్సులోనూ ఇంగ్లండు పార్లమెంటే ఉంది. తెలిసినవాడు నాకు ఒక్కడే తోచాడు.

బహదూర్‌పురాకు పోయేసరికి అతను బర్రె కింద కూర్చుని పాలు పితుకుతున్నాడు. వచ్చిన పని చెప్పాను. చేతులు ఆపకుండానే అడిగాడు.

"యాభై ఏండ్లయినయా సార్?"

చెంబు నిండేదాకా పితికాడు. తర్వాత చేతులు కడుక్కుని, నాకు మంచం వాల్చి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. నేను రాసుకున్నాను. మళ్ళీ కాలేజీలో చేరమన్నాను. "బాపు పోయిండు సార్. ఇగ బర్లను ఎవలు జూస్తరు?" అన్నాడు. వద్దంటున్నా గ్లాసెడు పాలిచ్చాడు. తాగాను.

మర్నాడు తరగతిలో ఆ పాఠం చెప్పాను. పిల్లలు కదలకుండా విన్నారు. చివర ఒకడు లేచి అడిగాడు. "ఇది ఏ పుస్తకంల ఉంది సార్?"

"పుస్తకంల లేదు. నేనే తిరిగి సేకరించిన" అన్నాను.

అది కూడా అబద్ధం కాదు.