బేస్‌కి ఆనించిన బ్యాటు

ఇది ఒక మహావీరుడి గాథ. చేతిలో బ్యాటు, ఎదురుగా బంతి, చుట్టూ జనం, చివర్లో చరిత్ర. అలా రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే ఇది షాపింగ్ కార్టులు తోసే పని తప్పించుకోవాలనుకున్న ఒక స్టూడెంట్ సంగతి. వీరుడు వేరే ఉన్నాడు. ఆయన పేరు చెప్పను. నా పక్కన కనబడడం ఆయనకు మర్యాద కాదు.

కెనడాలోని విన్నిపెగ్‌లో మా క్లాసులో సగం మంది మనవాళ్లే ఉన్న రోజులవి. పార్ట్‌టైం పని దొరకడమే గొప్ప. నాకు ఒక కిరాణా స్టోర్‌లో దొరికింది. లోపల కాదు, పార్కింగ్ లాట్‌లో. జనం వదిలేసిన కార్టులు పోగుచేసి తోసుకురావాలి. సెప్టెంబర్‌లో అది వ్యాయామం. జనవరిలో ఏమవుతుందో సీనియర్లు చెబుతుంటేనే నా చెవులు నొప్పి పెట్టాయి. మంచు పడేలోపు లోపలి కౌంటర్‌కి మారాలి. అప్పట్లో నా జీవితాశయం అదొక్కటే.

కౌంటర్ ఎవరికివ్వాలో తేల్చేది మా మేనేజర్. బేస్‌బాల్‌నే కాస్త పెద్ద బంతితో ఆడే సాఫ్ట్‌బాల్‌లో మా స్టోర్ టీముకి కెప్టెన్ కూడా ఆయనే. ఆయన కుర్చీ వెనక గోడకి, మనం దేవుడి పటం పెట్టుకునే ఎత్తులో, పాతకాలపు బేస్‌బాల్ హిట్టర్ ఫొటో ఉండేది. ఎవరని అడిగాను. నా బ్రేక్ మొత్తం అయిపోయింది. ఆ రోజుల్లో బంతి నల్లబడి మెత్తబడేదాకా దానితోనే ఆడేవారట. ఎంత బాదినా దూరం పోదు. అందుకని ఈయన బ్యాటుని పిడి చివర కాకుండా కాస్త పైన పట్టుకుని, మనుషులు లేనిచోటికి బంతిని నెట్టి పరుగెత్తేవాడట. ఏళ్ల తరబడి అదే పని. పిల్లలకి ఇప్పటికీ ఆ పట్టే నేర్పుతారట.

"గ్యాపుల్లో కొట్టడమే కదా సర్. చిన్నప్పట్నుంచీ మా పని అదే" అన్నాను. మా వీధి క్రికెట్‌లో నేను ఎక్కువగా అంపైర్‌నని చెప్పలేదు.

"ఆదివారం మ్యాచ్‌కి వచ్చి చూపించు. కౌంటర్ సంగతి తర్వాత మాట్లాడదాం" అన్నాడాయన.

రూమ్‌లో చెబితే, వరంగల్ నుంచి వచ్చిన మా రూమ్మేట్ పప్పు తిప్పుతూ తల కూడా ఎత్తలేదు.

"బేస్‌బాల్ ఎట్లాడ్తరో ఎరుకనారా నీకు?"

"బ్యాటుంటుంది, బంతుంటుంది. ఇంకేముంటుందిరా?"

"ఇంకేదో ఉంటది. నువ్వు పోతున్నవ్ గదా, ఆదివారం బయటపడ్తది."

ఆదివారం నేనూ బ్యాటు పిడిని కాస్త పైనే పట్టుకున్నాను. బంతిని నెట్టాను. అది నిజంగానే ఇద్దరి మధ్యనుంచి పోయింది. మేనేజర్ లేచి నిలబడ్డాడు. నేను బ్యాటుతో సహా పరుగెత్తాను. చేరాల్సిన బేస్, అంటే నేలమీది తెల్ల దిండు, ఇంకా ఒక నిలువు దూరం ఉండగా, ఊహ తెలిసినప్పటినుంచీ క్రికెట్‌లో చూస్తున్న పనే చేశాను: వంగి, చెయ్యి చాపి, బ్యాటు కొస బేస్‌కి ఆనించాను. ఆనించి, ఆగి, చూడ్డానికి వచ్చిన రూమ్మేట్‌కి చెయ్యి ఊపాను. ఈలోగా బంతి వచ్చింది. బేస్ దగ్గరున్నవాడు దాన్ని అందుకుని, నింపాదిగా నా బ్యాటు పక్కన బేస్ మీద కాలు పెట్టాడు. నేను ఔట్.

"బేస్‌ని తాకాల్సింది నువ్వు, నీ బ్యాటు కాదు" అన్నాడు మేనేజర్, చాలా మెల్లగా.

"థర్డ్ అంపైర్‌ని అడగరాదురా" అన్నాడు రూమ్మేట్, అంత మెల్లగా కాదు.

ఫొటోలోని ఆ మహానుభావుడు పోయాక ఆయన పట్టు మిగిలింది. నేనూ ఒకటి మిగిల్చాను. ఆ టీములో మనవాళ్లెవరు కొత్తగా ఆడినా, "కొట్టాక బ్యాటు పారెయ్" అని ముందే చెబుతారు. కౌంటర్ మాత్రం సాఫ్ట్‌బాల్ ముఖమే చూడని ఒక అమ్మాయికి వెళ్లింది. ఆమెకు అంతకుముందు కౌంటర్‌లో పనిచేసిన అనుభవం ఉందట.

జనవరిలో పార్కింగ్ లాట్ పనికి బూట్లు ఒక సైజు పెద్దవి కొనాలి. లోపల రెండు జతల సాక్స్ పట్టాలి.