సాలమ్మక్క తలుపు తియ్యలేదు

“గాలి ఆగిపోనాది కదేటి. తలుపు తియ్యి, సాలమ్మక్కా.”

“తియ్యను.”

“తోటనిండా కాయలు రాలిపడుంటాయి. మనం ఎల్లేలోగా పై ఈదోళ్లు ఏరుకుపోతారు.”

“ఏరుకోనీ. నువ్వు కూకో.”

నిన్న మధ్యాహ్నం పెరట్లో కొబ్బరాకుల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. చోళ్లు, అంటే రాగులు, చెరుగుతున్న నా చేట కూడా ఆగిపోయింది. ఎప్పుడో తుఫానులో మా ఆయనకూ పొరుగింటి సాలమ్మక్కకూ జరిగిన ఆ తగువు మళ్లీ చెవిన పడింది. ఇద్దరూ ఇప్పుడు లేరు. నేను బడికి పోయింది మూడో తరగతిదాకానే. తరవాత నేర్చుకున్నదంతా ఆ అక్క దగ్గరే. ఆమెను చూడనివాళ్లకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

నేను పుట్టింది చీపురుపల్లి అవతల మెట్ట ఊళ్లో. ఎర్రనేల, వేరుశెనగ, చోడిచేలు. అక్కడ మా భయమంతా రాని వాన గురించే. మబ్బు పడితే పిల్లలం గెంతేవాళ్లం. పెళ్లయి శ్రీకాకుళం సముద్రపొడ్డుకు వచ్చాక ఆ భయం తిరగబడింది. ఇక్కడ ఇసుకనేల, కొబ్బరి, జీడితోటలు. ఊరి చుట్టూ ఇన్ని చెట్లున్నాయి, ఇక గాలికి భయమేమిటి అనుకున్నాను. వీధిలో మా ఇంటిదాకా రైతు కుటుంబాలు, మా గోడ దాటితే బాప్టిస్టు చర్చికి వెళ్లేవాళ్లు. మా అత్త వాళ్లింట మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. సాలమ్మక్క మాత్రం గోడ మీంచి నాతో మాట్లాడటం మానలేదు.

మొదటి ఏడు తుఫాను కబురు వినగానే నేను ఆవును రెండు పలుపులు వేసి గట్టిగా కట్టేశాను. సాలమ్మక్క గోడ అవతలి నుంచి చూసింది. “ఇప్పీయే పిల్లా. కట్టేసిన గొడ్డే సస్తాది. ఇప్పేస్తే అదే దారి సూసుకుంటాది,” అంది. ఉన్న బియ్యమంతా ఒకేసారి వండి నీళ్లు పోసి ఉంచమనీ, గాలి రాకముందే పొయ్యి ఆర్పెయ్యమనీ చెప్పింది. అంత అన్నం ఒక్కసారి వండడానికి నాకు చేతులు రాలేదు. ఆమె నిలబడి వండించింది.

తగువు జరిగిన తుఫాను అంతకన్నా పెద్దది. అప్పటికి నా ఒళ్లో పెద్దాడున్నాడు. వీధిలో శ్లాబు ఇల్లు సాలమ్మక్కదొక్కటే. మా అత్తతో సహా అందరం అక్కడే చేరాం. చెంబు ఎవరిదని అత్త ఆ వేళ అడగలేదు. చర్చిలో తలదాచుకున్న ముసలివాళ్లకు గంజి ఇచ్చి వస్తానని సాలమ్మక్క భర్త యాకోబు బావ పొద్దున్నే, మేం చేరకముందే, వెళ్లాడు. అతను తిరిగి వచ్చేలోగా ఉత్తరం గాలి అందుకుంది. కిటికీ చెక్కలు పళ్లు కొరుకుతున్నట్టు కిరకిరలాడాయి. పెంకులు ఎగిరి ఎక్కడో పగిలాయి. పిల్లాడి ఏడుపు నోరు చూస్తే తెలిసేదే తప్ప నాకు వినబడలేదు.

మిట్టమధ్యాహ్నం అదంతా ఒక్కసారిగా ఆగింది. తలుపు సందులోంచి ఎండ కూడా పడింది. మగాళ్లు గోనెసంచులు తీశారు. గాలికి రాలిన కొబ్బరికాయ ఏరుకున్నవాడిదేనని మా వైపు కట్టుబాటు. ముందు వెళ్లినవాడికి మూడు నెలల తిండి. మా ఆయన గడియ మీద చెయ్యి వేశాడు. సాలమ్మక్క వెళ్లి తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

“ఉత్తరం గాలి అయ్యింది. ఇప్పుడు దచ్చినం గాలి వస్తాది. యేళ్లు కదిలిపోయిన సెట్లురా అయి, ఊదితే పడతాయి.”

“సముద్రం వచ్చి నీ సెవిలో సెప్పిందేటి?” అన్నాడు మా ఆయన. వెనక ఎవరో నవ్వారు.

ఆమె నవ్వలేదు. “నా మనిషి సెర్చీ కాడున్నాడు. నాకు ఎల్లాలని నేదేటి? నేనే ఎల్లనేదు. నువ్వు కాయలకి ఎల్తావురా?”

మా ఆయన సంచి కింద పెట్టి కూర్చున్నాడు. మరెవరూ కదల్లేదు. నాకు మాత్రం ఆమె చేతులు కనబడ్డాయి. రెండూ వెనక్కి పోయి గడియను పట్టుకున్నాయి. ఆమె ఒక్కక్షణం మనసు మార్చుకుని గడియ తీస్తే ఏమవుతుందోనని, నేను పిల్లాణ్ణి పొట్టకు హత్తుకుని ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. బయట ఆకు కూడా కదలడం లేదు. కాసేపటికి సముద్రం వైపు నుంచి లారీ వస్తున్నట్టు చప్పుడు మొదలైంది. దక్షిణం గోడ అదిరింది. మొదటి చెట్టు వంటపాక మీదే పడింది.

ఇప్పుడు నా కొడుకు ఫోను చూసి, తుఫాను తీరం దాటేసిందమ్మా అంటాడు. దాటనీ అంటాను, తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంటాను. ఇప్పటికీ అన్నం కొలిచి వండే పిసినారిదాన్నీ, పిరికిదాన్నీ అని మనవలు ఆట పట్టిస్తారు. రెండూ నిజమే. సాలమ్మక్క కూడా భయపడింది. గదిలో అందరికన్నా ఆమెకే ఎక్కువ భయం. ఆ భయంతోనే తలుపుకు అడ్డం నిలబడింది. నాకు చేతనైనంతలో నేనూ అలాగే కూర్చుంటున్నాను.

ఆ తుఫాను మర్నాడు తెల్లారాక సాలమ్మక్కే గడియ తీసింది. చెట్లన్నీ ఉత్తరానికి తలలు పెట్టి పడున్నాయి. చర్చి నిలబడే ఉంది, ముసలివాళ్లు క్షేమం. గాలి ఆగగానే, సాలమ్మ ఒక్కతే ఉంటుందని యాకోబు ఇంటికి బయల్దేరాడని వాళ్లు చెప్పారు. తోటదారిలో, మా వీధి మలుపుకు ఇవతలే, చెట్టు కింద దొరికాడు.

“తెలిసుండీ బయల్దేరినాడు,” అంది సాలమ్మక్క.

మా ఆయనా, ఆ గదిలోని మగాళ్లూ మంచం తెచ్చి అతన్ని మోసుకొచ్చారు. దారిపొడుగునా కాళ్లకు కొబ్బరికాయలు తగులుతూనే ఉన్నాయి. ఒక్కరూ వంగలేదు.