భూమికి సొట్ట పెట్టిన రేజరు

మా తాత పూత వేసిన రేజరు ఆకాశం నుంచి పడినా దానికేమీ కాదు, భూమికే సొట్ట పడుతుంది. భూమి గుండ్రంగా ఉంటుందనీ, పైనా కిందా మాత్రం కాస్త నొక్కుకుపోయి ఉంటుందనీ బళ్లో చెప్పారు. ఎందుకు నొక్కుకుపోయిందో చెప్పే పాఠం వచ్చేలోపే నేనూ చదువూ ఒకరినొకరం వదిలేసుకున్నాం. అయినా కారణం నాకు తెలుసు. తాత రేజరు ఒకసారి పైన పడి ఉంటుంది, ఇంకోసారి కింద పడి ఉంటుంది. ఆయన చేతిలోంచి వస్తువులు ఎలా జారిపోతాయో చూసినవాళ్లెవరూ నా మాట కాదనరు.

తాత అంటే అమ్మకు నాన్న. లోహాలకు పూత వేయడం ఆయన పని. కుళాయిలు, తలుపు గడియలు, సైకిల్ హ్యాండిళ్లు, కుర్చీ కాళ్లు, ఏది తెచ్చిచ్చినా చక్రం మీద రుద్ది నునుపు చేసేవాడు. ఆసిడ్‌లో కడిగి, నికెల్ తొట్టిలో వేలాడదీసి, ఆ పైన క్రోమ్ తొట్టిలో ముంచి తీస్తే అందులో మన పళ్లు మనం లెక్కపెట్టుకోవచ్చు. అందుకే వీధిలో ఆయన్ని ‘మెరుగు’ అంటారు. ‘మెరుగు ఇల్లెక్కడ?’ అని అడిగితే చిన్నపిల్లలు కూడా మా గుమ్మం చూపిస్తారు. మా గుమ్మం మాత్రం రంగు వెలిసిపోయి ఉంటుంది, అది వేరే సంగతి.

పనిలో రబ్బరు తొడుగులు ఇచ్చేవారట. తొడుక్కుంటే నునుపు తెలియదని తాత వాటిని జేబులో పెట్టుకునేవాడు. దాంతో తొడుగులు కొత్తగా మిగిలాయి, వేళ్లు పాతబడ్డాయి. ఇప్పుడు వేళ్ల చివర్లు మొద్దుబారి, పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకుని కూడా ‘చల్లారిపోయింది, వేడి చెయ్యండే’ అంటాడు.

అమ్మమ్మకు ఆ మెరుగు మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెతను తనకే రాసిచ్చినట్టు వాడుతుంది. గిన్నె కొనడానికి వెళ్తే మెరుపు వైపు చూడనైనా చూడదు. మూత తీసి కొట్లో బల్ల అద్దం మీద బోర్లించి, ఒక అంచు వేలితో నొక్కుతుంది. టక్కుమంటే ఆ మూత వంకర. పక్కన పెట్టి ఇంకోటి తీస్తుంది. ఆమె వీధి మలుపులో కనబడగానే కొట్టాయన ‘అమ్మా, ఇవాళ మూతలు రాలేదు!’ అని లోపలి నుంచే కేకేస్తాడు.

ఇక రేజరు సంగతి. అది ఇత్తడిది. పైన చిన్న కప్పు, దాని కింద బ్లేడును మోసే పలక, రెంటినీ పట్టి బిగించే పిడి. ఎవరో పూతకిచ్చి మళ్లీ రాలేదట. ఎన్నాళ్లకీ రాకపోతే పూత కార్ఖానా యజమాని తాతకే ఇచ్చేశాడు. పెళ్లికి ముందు తాత దానికి తన చేత్తో పూత వేసుకున్నాడు. పెళ్లినాడు ఆయన ముఖం చూసి, ‘రేజరుతో పాటు బుగ్గలు కూడా తొట్లో ముంచుకొచ్చాడేమో అనుకున్నానే’ అంటుంది అమ్మమ్మ. ఇదొక్కటే ఆమె ఆయన్ని మెచ్చుకున్న మాట. అదీ ఆయన వినడం లేదనుకున్నప్పుడు.

ఆ రేజరు పడని చోటు లేదు. బేసిన్‌లో పడింది, బకెట్లో పడింది, బకెట్ మీద పడింది, అమ్మమ్మ కాలి మీద కూడా పడింది. పడిన ప్రతిసారీ తాత దాన్ని తీసి, కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి, గోరుతో గీరి చూసేవాడు.

“పూత చెదరలేదు. దీనికేం కాలేదు.”

“నా వేలికైంది,” అనేది అమ్మమ్మ.

“నీ వేలికి పూత లేదుగా మరి.”

పనిచేసినన్నాళ్లూ ఆయన శాసనం అదే. పూత పగలకపోతే లోపలి లోహం క్షేమం. ఏ వస్తువు చేతికొచ్చినా ఆ ఒక్క మాటతో తేల్చేసేవాడు.

మందుల షాపులో పనిచేసే మా అమ్మ ఒకసారి ఆయనకు ధగధగలాడే కొత్త రేజరు కొనుక్కొచ్చింది. అది బేసిన్‌లో మొదటిసారి పడగానే మెడ దగ్గర పుటుక్కున విరిగింది. విరిగిన చోట లోపలంతా బూడిదరంగు, పంచదార బిళ్లలా గరుకు. తాత ఆ రోజంతా పెళ్లికొడుకులా తిరిగాడు.

“అచ్చులో పోసిన చౌక సరుకమ్మా. పైన మెరుగు దిద్ది అమ్మేశారు. పూత తప్పు కాదు, లోపలిదాని తప్పు.”

“నేను పొద్దస్తమానం చెప్పేదీ అదేగా, పైన పటారమని!” అంది అమ్మమ్మ.

“ఆ సామెత ఆ రేజరుకి. నాదాని జోలికి రాకు.”

తర్వాత తాతకు గుండె జబ్బు చేసింది. రక్తం పలచబడే మాత్రలు రాశారు. అవి వేసుకునేవాళ్లకు చిన్న గాటు పడినా నెత్తురు ఓ పట్టాన ఆగదు. రేజరు వైపు అమ్మ అనుమానంగా చూడడం అప్పుడే మొదలైంది. తాత పట్టించుకోలేదు. ఆయన తెల్లారగానే మొదట చేసే పని గడ్డం గీసుకోవడం. ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడతాడు.

ఒకనాడు బేసిన్ అంచు మీద పెట్టిన రేజరు జారి సిమెంటు నేల మీద పడింది. టంగుమన్న చప్పుడు వంటింట్లోకి వినిపించింది. తాత యథాప్రకారం కిటికీ దగ్గరికెళ్లి చూశాడు. పూత చెదరలేదు. సంతోషంగా టీ తాగాడు.

మర్నాడు ఎడమ బుగ్గ తెగింది. ఆ మర్నాడు కూడా ఎడమ బుగ్గే. దూది మారుస్తూనే ఉన్నాం, చొక్కా కాలరు తడుస్తూనే ఉంది. రెండోసారి అమ్మ ఆ పూటకు షాపుకు వెళ్లడం మానేసి ఆయన ఎదురుగా కూర్చుంది.

“నాన్నా, ఇక చాలు. రేజరు ఇటియ్యి.”

“నా గడ్డం నేను గీసుకోకపోతే పక్కింటివాళ్లు గీస్తారా?”

“సెలూన్ ఆయన్ని ఇంటికి రమ్మంటాను. రోజు విడిచి రోజు వస్తాడు.”

“రేజరు మొన్న గట్టిగా పడిందమ్మా. దాన్లో ఏమన్నా తేడా వచ్చిందేమో.”

“అయితే నువ్వే చూసి చెప్పు. నువ్వు ఏమంటే అదే.”

అమ్మ ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. తాత భూతద్దం తెప్పించుకున్నాడు. మూడు ముక్కలూ విప్పి, ఒక్కోదాన్ని వెలుతురులో తిప్పాడు. గోరుతో గీరాడు. గోరును నమ్మలేక నాలుక కొసతో కూడా తడిమాడు. ఎక్కడా గీత లేదు, పెచ్చు లేదు.

“పూత చెదరలేదు,” అన్నాడు మెల్లగా.

“మరి?”

“మరి... చెయ్యే. నా చెయ్యే పోయింది.”

రేజరు ముక్కలు తనే గుడ్డలో చుట్టి అమ్మ చేతికిచ్చాడు. ఎవరూ లాక్కోలేదు.

సెలూన్ ఆయన మంచివాడు. కానీ గడ్డం గీసేటప్పుడు ముక్కు పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పుతాడు. ‘నన్ను కుళాయిని తిప్పినట్టు తిప్పుతున్నాడే’ అని తాత నాతో గొణిగాడు. నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. చెయ్యి పోయిందని ఒప్పుకున్నాక ఆయన మిగతా పనులు కూడా దాని ఖాతాలోనే వేసేశాడు. చొక్కా గుండీలు అమ్మమ్మను పెట్టమన్నాడు. టీ గ్లాసు నోటి దగ్గర పెట్టమన్నాడు. సెలూన్ ఆయన రాని రోజున తెల్లటి గడ్డంతో మంచం మీద కూర్చుని, పేపరు కూడా నన్నే తిప్పమనేవాడు. బడి మానేసిన నన్ను! చదవడం కాదు, తిప్పడానికే.

అమ్మమ్మ గుండీలు పెట్టేది, తిట్టేది. “అన్నం తినేటప్పుడు పోని చెయ్యి, గుండీల దగ్గర పోయిందా?” అనేది. కానీ ఆ తిట్టులో పస తగ్గింది.

ఒకనాడు అమ్మ ఆ రేజరును బీరువాలో పెట్టమని చెప్పింది. తడి ఉంటే పాడైపోతుందని అమ్మమ్మ గుడ్డ విప్పి, ముక్కలు తుడిచి, ఒక్కొక్కటే గోడ నుంచి దింపిన అద్దం మీద పెడుతోంది. పలకను బోర్లించి పెట్టింది. వేలు దానంతటదే ఒక మూల మీద పడింది. అలవాటు మరి.

టక్.

ఇంకోసారి నొక్కింది. టక్. ఎదురు మూల నొక్కింది. టక్.

“ఒసేయ్, ఇలా రా!” అని నన్ను పిలిచింది. “ఇదేంటో చూడు.”

చూశాను. పలక ఒక మూల అద్దాన్ని తాకడం లేదు. మధ్యలో కాగితం దూర్చితే దూరింది. బ్లేడు పెట్టి బిగించి చూస్తే ఒక పక్క అంచు పొందికగా, ఇంకో పక్క మూల దగ్గర నాలుక చాపినట్టు బయటికి ఉంది.

అమ్మమ్మ అద్దాన్ని పళ్లెంలా పట్టుకుని తాత ముందు పెట్టింది.

“ఇదిగో, నొక్కు.”

తాత నొక్కాడు. టక్కుమంది. వేలికి తెలియకపోయినా చెవికి తెలిసింది. పలకను చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పాడు.

“పూత చెదరలేదుగా!”

“పూత ఎవడడిగాడయ్యా? అది వంకర పోయింది.”

“వంకర పోతే పూత చెదరాలి.”

“చెదరలేదు, వంకర పోయింది. ఏం చేద్దాం, నీ మాట వినకుండా పోయింది.”

“అద్దమే వంకరేమో.”

“అవును, అద్దం వంకర, గోడ వంకర, నేను వంకర. నీ పూత ఒక్కటే తిన్నన.” అమ్మమ్మ నా వైపు తిరిగింది. “చూశావుటే మీ తాతని? చెయ్యి పోయిందంటే ఒప్పుకుంటాడు, పూత అబద్ధం చెప్పిందంటే ఒప్పుకోడు.”

తాత మంచం దిగాడు. పలకను కిటికీ అద్దం మీద పెట్టి నొక్కాడు. బల్ల మీద పరిచిన రాతి మీద పెట్టి నొక్కాడు. గట్టి స్టీలు పళ్లెం వెనక్కి తిప్పి దాని మీద నొక్కాడు. అన్నిచోట్లా ఒకటే జవాబు. చివరికి చొక్కా గుండీ తనే పెట్టుకుంటూ, “వైసు ఎక్కడుంది?” అన్నాడు.

వైసు అంటే బల్లకు బిగించి వస్తువును దవడల మధ్య పట్టే సాధనం. మాది పెరటి బల్లకు బిగించి ఉంది, తుప్పు పట్టింది. తాత దవడల మధ్య రెండు చెక్క ముక్కలు పెట్టి, వాటి నడుమ పలకను నిలిపాడు. వైసు పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

“తిప్పవేం?” అంది అమ్మమ్మ.

“ఇత్తడి వెనక్కి వస్తుంది. పూత రాదు. పగులుతుంది.”

ఆ పూత ఆయన పెళ్లినాటిది. ఇప్పుడు మళ్లీ వేద్దామంటే తొట్లు లేవు, ఆయన పనిచేసిన చోట బట్టల గోదాము ఉంది. అమ్మమ్మ ఈసారి సామెత వాడలేదు. వాడుతుందని నేను ఎదురు చూశాను కూడా.

తాత పిడి తిప్పాడు. చిన్నగా చిటుక్కుమంది. తీసి చూస్తే మూల దగ్గర వెంట్రుకంత పగులు, గోరు కొనంత పెచ్చు లేచి లోపల పచ్చటి ఇత్తడి కనిపించింది. అద్దం మీద పెట్టి నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. లేదు. పెచ్చు అంచును సన్నటి గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశాడు.

అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా? మర్నాడు పొద్దున్నే దూది, కట్టు గుడ్డ పట్టుకుని బేసిన్ పక్కన నిలబడింది. తాత సబ్బు నురగ పూసుకున్నాడు. కుడి బుగ్గ గీసుకున్నాడు. ఎడమ బుగ్గ దగ్గరికి వచ్చేసరికి అమ్మ దూది తుంచింది, అమ్మమ్మా నేనూ ఒకడుగు ముందుకేశాం. రేజరు పైనుంచి కిందికి, నురగను తోసుకుంటూ, గీత గీసినట్టు దిగింది. బుగ్గ తెల్లగా, నున్నగా, నెత్తురు చుక్క లేకుండా బయటపడింది.

గెలిచాననుకుని తలెత్తి అమ్మమ్మ వైపు చూడబోయాడు. గడ్డం కింద చిన్న గాటు పడింది.

“ఇదేమిటి మరి?” అంది అమ్మ.

“ఇది చెయ్యి,” అన్నాడు తాత. “అది రేజరు. దేని తప్పు దానిది.”

అమ్మ దూది అద్ది చాలాసేపు నొక్కి పట్టుకుంది. ఆగింది. అప్పుడు తీర్పు చెప్పింది. గీసుకోవచ్చు, కానీ కూర్చునే గీసుకోవాలి, వెలుతురు బాగా వచ్చాకే గీసుకోవాలి, ఎవరైనా ఇంట్లో ఉండాలి. అమ్మమ్మ పాత రబ్బరు చాప ముక్క తెచ్చి బేసిన్ కింద పరిచింది. సెలూన్ ఆయనకు కబురు పంపారు. ఆయన కూడా బతికిపోయాననే అనుకుని ఉంటాడు.

రేజరు ఇప్పటికీ పడుతూనే ఉంటుంది. ఎక్కువసార్లు రబ్బరు మీద, అప్పుడప్పుడు దాన్ని దాటి. తాత ఇప్పుడు కిటికీ దగ్గరికి వెళ్లడు. పలక విప్పి అద్దం మీద పెట్టి, నాలుగు మూలలూ నొక్కి, చెవి పెట్టి వింటాడు. అమ్మమ్మ వంటింట్లోంచి “ఏమంటోంది?” అని అడుగుతుంది. “ఏమనడం లేదు,” అంటాడు. టీ గ్లాసు తనే పట్టుకుంటాడు. చల్లారిపోయిందని అరుస్తాడు.

ఇదంతా రాసి, ఇవాళ పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే పక్కన నిలబడి మొదటి పేరా గొంతెత్తి చదివాను. ఆకాశం, భూమి, సొట్ట, అన్నీ. మెచ్చుకుంటాడేమోనని ఆగాను. నురగ ముఖంతో నా వైపు ఒకసారి చూశాడు.

“సొట్ట భూమికి పడలేదే, పలకకి పడింది. అది రాసుకుని అవతలికి పో. వెలుతురుకి అడ్డం నిలబడ్డావు, తెగితే మీ అమ్మ నా చెయ్యే అంటుంది.”