నేను చెరిపేసిన రిపోర్టు

ఐదేళ్లుగా ఒక మాటను గొంతులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తింటున్నా అక్కడే ఉంటుంది, నవ్వుతున్నా అక్కడే ఉంటుంది. నా పేరు చెప్పను. అంత ధైర్యం ఇప్పటికీ లేదు. జరిగింది మాత్రం మీకు చెబుతాను.

అది నా మొదటి ఉద్యోగం. మల్యాల నుంచి రోజూ బస్సులో జగిత్యాల వెళ్లేవాణ్ని. రక్తపరీక్షల రిపోర్టులను రోగుల ఫోన్లకు చేర్చడం మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పని. ల్యాబు రిపోర్టును క్యూలో వేస్తుంది, మా ప్రోగ్రాం ఒక్కొక్కటే తీసి పంపుతుంది. పంపలేనివి పోవు. మనిషి చూసి సరిచేసేదాకా విడిగా ఒకచోట ఆగి ఉంటాయి. ఇది నేర్చుకున్న వారమే, ఏ కబురూ దారిలో పోదని ఇంట్లో గొప్పలు చెప్పాను.

ఫోన్ నంబరుకు పది అంకెలే ఉండాలన్న నియమం రాసింది నేనే. నా మొదటి కోడ్. అందరూ మెచ్చుకున్నారు.

నెల తిరిగాక, కంపెనీ పెద్దసారు ఆఫీసు చూడటానికి వస్తున్న రోజు పొద్దున, ఆగిపోయినవి నలభై దాకా ఉన్నట్టు తెర మీద ఎర్రగా కనిపించింది. నాలుగైదు తెరిచాను. అన్నీ 971తో మొదలయ్యే పన్నెండు అంకెల దుబాయి నంబర్లు. మావైపు చాలామంది ఆడవాళ్లు ల్యాబులో అక్కడున్న భర్త నంబరే ఇస్తారు, ఆయన చూసి ఇంటికి ఫోన్ చేస్తాడు. నాకు తెలియదా? మా నాన్న పదేళ్లు అక్కడే పనిచేశాడు. తప్పు నా నియమానిదని చూడగానే అర్థమైంది. సీనియర్‌కు చెబితే గంటలో సరిచేసి, అన్నీ మళ్లీ పంపేవాళ్లం. చెబితే నా పరువు పోతుంది. అంతే, మొత్తం చెరిపేశాను. మధ్యాహ్నం ఎవరికీ తెలియకుండా నియమం మార్చాను.

వాటిలో ఇబ్రహీంపట్నం ఆమెది ఒకటి. డెంగీ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని రిపోర్టులో ఉన్నట్టు తర్వాత తెలిసింది. కబురేమీ రాలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నారు ఇంట్లోవాళ్లు. మూడో రోజు చనిపోయింది.

కోరుట్ల ల్యాబులో వివరాలు ఎక్కించే షాహీన్ నాకు ఫోన్ చేసింది.

"భయ్యా, గా ఇబ్రహీంపట్నం ఆమె రిపోర్టు మీ కాడికి అచ్చిందా? జర చూడుండ్రి. నంబరు నేను చూసే కొట్టిన."

"ఏం రాలేదక్కా. నంబరు తప్పు పడ్డదేమో."

"గట్లనా... అయితే నేనే తప్పు కొట్టిన్నేమో."

వారం తిరక్కుండా షాహీన్‌ను పనిలోంచి తీసేశారు. నేను నోరు విప్పలేదు. భయమా? మొదట్లో భయమే. తర్వాత, రిపోర్టు చేరినా ఆమె బతికేది కాదేమో అని నాకు నేనే సర్ది చెప్పుకుంటూ, ఆ 'ఏమో'ను పట్టుకుని ఇన్నేళ్లు నిద్రపోయాను. బతికేదా? తెలియదు. మిగతా వాళ్లకు ఏమైందో అదీ తెలియదు.

మొన్న కోరుట్లలో ఒక బట్టల షాపుకు వెళ్లాను. కౌంటర్లో ఉన్నామెను ఎవరో షాహీన్ అని పిలిచారు. గొంతు విన్నాను, ఆమే. నన్నెప్పుడూ చూడలేదు కదా, గుర్తుపట్టలేదు. బిల్లు కోసం నా ఫోన్ నంబరు అడిగి, ఎక్కించి, మూడుసార్లు పైకి చదివింది.

"ఏమనుకోకుండ్రి. నాకు నంబర్లు తప్పు పడ్తయి" అంది.

సంచీ తీసుకుని బయటికి వచ్చేశాను. అక్కడ అనలేని మాట ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే గుండె కాస్త తేలికవుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. అక్కా, మీరు నంబరు సరిగ్గానే కొట్టారు. చెరిపింది నేను.